మూడు గంటల వంతు

సైరాగుల్‌ని ఆమె సొంత గదిలోంచే బయటికి పంపించి, లోపల గడియ పెట్టుకుంది తోడికోడలు జిపార్. వరసగా ఇది మూడో గురువారం.

ఏం చేస్తుంది మరి? నెట్ ఆ గదిలోనే వస్తుంది. సైరాగుల్ మొగుడు కుబాత్ రోజూ తలాస్ పట్నానికి వ్యాను తోలి, ఆ సంపాదనతో పెట్టించిన నెట్ అది. వాకిలికి అవతల అత్తగారింట్లో గోడలు మందం, ఫోనులో ఒక్క గీత కూడా నిలవదు. అందుకని గురువారం మూడు కాగానే చిన్నకోడలు ఫోను పట్టుకుని లోపలికి రావడం, పెద్దకోడలు చేట పట్టుకుని బయటికి నడవడం. ఇల్లెవరిది, వాకిలెవరిది అని అడిగే నాథుడు లేడు.

కిటికీ కింద పట్టా పరిచి, నూర్చిన రాజ్మా గింజలు గుట్టగా పోసుకుని ఏరుతోంది సైరాగుల్. తెల్లవి ఒక బకెట్లో, ఎర్ర మచ్చలవి ఒక బకెట్లో, పగిలినవి కోళ్ళకి. కొనేవాడు వచ్చే శనివారం వస్తానన్నాడు. మచ్చల గింజల్లో నాలుగు తెల్లవి కనబడితే చాలు, బస్తా మొత్తానికి ధర కోసేస్తాడు. అక్టోబరు గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా వేళ్ళ పని వేళ్ళది. ఆమె ప్రాణమంతా చెవుల్లోనే ఉంది.

లోపల జిపార్ ఏదో మాట్లాడుతోంది. మాటలు తెలియడం లేదు, గొణుగుడు మాత్రం వినబడుతోంది. ఆ గొణుగుడు ఆగింది. అంతలోనే నవ్వు వినబడింది.

సైరాగుల్ చేతిలో గింజలు చేతిలోనే ఉండిపోయాయి. నవ్వా? జూలైలో బిడ్డ పోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల నవ్వలేదు, సరిగ్గా తినలేదు, చిన్నకోడలు పోయాల్సిన టీ ఒక్కనాడూ పోయలేదు. రోజూ వాకిలి దాటి వెళ్ళి ఆ ఇంటి టీ కూడా సైరాగులే పోస్తోంది. ఇప్పుడు రాజధాని బిష్కెక్‌లో డబ్బు తీసుకుని బాధలు వినే ఎవరో మనిషితో ఫోనులో మాట్లాడి నవ్వుతోంది! సంతోషించాల్సిన సంగతే. కానీ సైరాగుల్‌కి కడుపులో భగ్గుమంది. పరాయి ఆడదాని కుళ్ళు కాదు ఇది, ఇంటి మనిషి కుళ్ళు. దానికి మందు లేదు.

గడియ తీసిన చప్పుడైంది. జిపార్ బయటికొచ్చి, తొట్టి దగ్గర ముఖం కడుక్కుని, తలగుడ్డ కొసతో తుడుచుకుంటూ అడిగింది, "అక్కా, రొట్టె ఏమైనా ఉందా? ఆకలేస్తోంది."

"లోపల గుడ్డలో చుట్టి పెట్టాను, తీసుకో. దేనికంత నవ్వు?"

జిపార్ కొంచెం సిగ్గుపడింది. "ఏం లేదక్కా. పాప ఎవరి పోలిక అని అడిగింది. ముఖం నాన్నదే గానీ, ఆవలింత మాత్రం అచ్చం అత్తమ్మదే అన్నాను. ఆమె నోరంతా తెరిచి శబ్దం చేస్తూ ఆవలిస్తుంది కదా, పాప కూడా అలాగే. రెండు రోజుల పిల్ల! చెప్తుంటే నాకే నవ్వొచ్చేసింది." అని రొట్టె కోసం లోపలికెళ్ళింది.

అంతలో అత్తగారు కాలిచా వాకిలి దాటి వచ్చింది. ఒక చేతిలో మీగడ గిన్నె, ఇంకో చేతిలో టీ. నల్లకోటు తొడుక్కుని ఉంది. పై వీధిలో ఎవరో ముసలాయన పోయాడు. ఊళ్ళో ఎవరు పోయినా కోషోక్ పాడి ఏడవడానికి కాలిచానే పిలుస్తారు. ఆమె గొంతెత్తి పోయినవాళ్ళ సుగుణాలు పాడిందంటే రాతిగోడ కూడా ఏడుస్తుందని పేరు. చంటిబిడ్డలకి మాత్రం కోషోక్ పాడరు. అది ఆనవాయితీ.

"తింటోందా?" అంది కాలిచా గుసగుసగా. "మీగడ వేసుకోమను. ఆ అమ్మాయి దగ్గర ఏదో ఉందే సైరా. నా పింఛను పోతే పోయింది."

"మీ పింఛను, మీ చిన్నకోడలు. మధ్యలో నేనెవర్ని?"

"ఏమిటే ఆ మాట?"

"ఏం లేదు. గింజలు ఏరుకుంటున్నాను."

కాలిచా ఒక క్షణం చూసి, మీగడ గిన్నెతో లోపలికెళ్ళిపోయింది. సైరాగుల్ ముందు గిన్నె ఎవరూ పెట్టలేదు. ఆమెకీ ఒకడు పుట్టాడు. మూడు రోజులున్నాడు. పదేళ్ళయింది. వాడు ఎవరి పోలిక అని ఇంతవరకూ అడిగిన మనిషి లేదు.

*

బుధవారం పొద్దున్నే కాలిచా నోట్లు తెచ్చి చేతిలో పెట్టింది. వెయ్యీ, దాని మీద ముప్పై.

"సల్కిన్ కొట్టుకెళ్ళి ఆ పెట్టెలో వేసిరా. సాయంత్రం ఆరు దాటితే రేపటి వంతు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తుందట."

"తెలుసు."

"తెలుసనుకో. ఇదేం పద్ధతో నాకైతే ఎక్కడం లేదు. మన వైద్యం చేసే ముసలమ్మకి చేతికొచ్చింది పెడతాం, ఆమె చూడకుండా జేబులో వేసుకుంటుంది. ఈ పిల్లేమో నోరు తెరవకముందే డబ్బు కట్టమంటుంది. పోనీ, ఒక మూట గింజలు పంపుతానంటే వద్దంది! మర్యాద తెలియని పిల్లా అంటే అదీ కాదు, ఎంత మెత్తగా చెప్పిందో. 'అమ్మమ్మా, నాకు మీరు బాకీ పడకూడదు, నేను మీకు పడకూడదు' అంది."

ఇన్ని కబుర్లు! సైరాగుల్ కోటు తొడుక్కుంది.

కొట్టులో సల్కిన్ ఒక్కతే ఉంది, చక్కెర తూచి పొట్లాలు కడుతోంది. మూలన నోట్లు వేస్తే అవతలివాళ్ళకి పంపే టెర్మినల్ పెట్టె, దాని మీద అరిగిపోయిన తెర. మొదటివారం సైరాగుల్ సరిగ్గా వెయ్యి వేసింది. అందులో పెట్టె తన వాటా ముప్పై కోసుకుని మిగతాదే పంపింది. చెల్లింపు తక్కువైందని ఆ రాత్రి జిపార్‌కి కబురొచ్చింది. ఆ ముప్పై ఎక్కడికి పోయిందని అత్తగారు రెండు రోజులు సైరాగుల్ జేబుల వంక చూసింది.

"మళ్ళీ బిష్కెక్ పిల్లకేనా?" అంది సల్కిన్. "అదృష్టవంతురాలమ్మా మీ చిన్నకోడలు. అత్త డబ్బు కడుతుంది, తోడికోడలు మోసుకొస్తుంది. నాకలాంటి అత్త ఉంటే రోజుకో ఏడుపు ఏడుద్దును."

"నువ్వు ఏడవకుండానే కొట్టు నడుపుతున్నావుగా. చక్కెర కిందపోతోంది, చూసుకో."

సైరాగుల్ తెర ముందు నిలబడింది. కౌన్సెలింగ్ చేసే ఆమె పేరు నెస్తాన్. ఆమె నంబరు జిపార్ రాసిచ్చిన కాగితం మీదుంది. మూడు వారాలుగా అదే నంబరు కొట్టీ కొట్టీ నోటికొచ్చేసింది. డబ్బు వేసి, పెట్టె ఇచ్చే రసీదుని ఫోటో తీసి, పంపిన మనిషి పేరు కింద రాసి ఆ నంబరుకి పంపాలి. అప్పుడే వంతు ఖాయం.

పంపిన మనిషి పేరు.

ఆ మాట దగ్గర ఆగిపోయింది. కొట్టు తలుపు దగ్గరికెళ్ళి నిలబడి, తన ఫోను తీసి, చలికి మొద్దుబారిన వేళ్ళతో కొట్టింది: 'నా పేరు సైరాగుల్. నాకు రేపు మాట్లాడాలి.'

జవాబు అయిదు నిమిషాల్లో వచ్చింది. చాలా పొడుగ్గా ఉంది. నమస్కారాలు, పద్ధతులు, అంకెలు. సైరాగుల్ చదవకుండా వేలితో కిందికి లాగేసింది. చివరి ముక్కలే కళ్ళబడ్డాయి: 'రేపు ఖాళీ లేదు. మధ్యాహ్నం మూడు గంటల వంతుకి మాత్రం ఇంకా చెల్లింపు రాలేదు. సాయంత్రం ఆరులోపు రాకపోతే మీకిస్తాను.'

మూడు గంటల వంతుకి చెల్లింపు ఎందుకొస్తుంది? అది తన గుప్పిట్లోనే ఉంది.

సైరాగుల్ నోట్లు జేబులో వేసుకుంది. ఇంటికెళ్ళి గింజలు ఏరింది. కూతుళ్ళిద్దరూ బడి నుంచి వస్తే అన్నం పెట్టింది. అయిదున్నరకి మళ్ళీ కొట్టుకొచ్చింది. ఆరు దాటి రెండు నిమిషాలయ్యేదాకా సబ్బులు వాసన చూస్తూ నిలబడింది. అప్పుడు పెట్టెలో నోట్లు వేసింది. రసీదు ఫోటో తీసి, కింద 'సైరాగుల్' అని రాసి పంపేసింది.

"పొద్దున వెయ్యలేదా?" అంది సల్కిన్.

"వేశాను. ఇంకోటి వేస్తున్నాను."

ఇల్లు చేరేసరికి జిపార్ వాకిట్లోనే నిలబడి ఉంది, ఫోను రెండు చేతులతో పట్టుకుని. "అక్కా, డబ్బు రాలేదంటోంది. వంతు ఇంకొకళ్ళకి ఇచ్చేసిందట. నువ్వు వేశావు కదూ?"

"వేశాను." అంది సైరాగుల్, కోటు విప్పుకుంటూ. "పెట్టె మింగేసినట్టుంది. కాగితం కూడా రాలేదు."

"మింగేసిందా!" అత్తగారి గొంతు ఇంట్లోంచే లేచింది. "వెయ్యీ ముప్పై మింగేస్తుందా? దాని దవడలు పగలగొట్టి కక్కిస్తాను. రేపు ఆ సల్కిన్ సంగతి చూస్తాను!"

జిపార్ ఫోను జేబులో పెట్టుకుని, మెల్లగా లోపలికెళ్ళి పడుకుంది. రాత్రి రొట్టె ముట్టలేదు. సైరాగుల్ ఆ ఇంటి టీ పోసి వచ్చింది. బాగా అయింది అనుకుంది. అనుకున్నాక కూడా కడుపులో మంట తగ్గలేదు, పైగా ఇంకొంచెం ఎగదన్నింది.

*

గురువారం రెండున్నరకి కాలిచా నల్లకోటు తొడుక్కుని కొట్టు మీదికి దండెత్తింది. అత్తగారు వీధి మలుపు తిరగడం చూసి, సైరాగుల్ తన గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. తన గదిలో తను గడియ పెట్టుకోవడం ఆమెకదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో కూడా తోచలేదు. జిపార్ ఎక్కడ కూర్చునేదో? కిటికీ వైపా? చివరికి పరుపుల దొంతరకి ఆనుకుని కింద కూర్చుంది.

మూడింటికి ఫోను తెర మీద కనబడిన మనిషిని చూసి తెల్లబోయింది. ఆమె ఊహించుకున్న మహాతల్లి కాదు. ముప్పై ఏళ్ళుంటాయి. పొట్టి జుట్టు, కళ్ళజోడు. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది. దీనికోసమా నేను మూడు వారాలు రగిలిపోయింది అనుకుంది.

"సైరాగుల్ గారూ, ముందు ఒక్క మాట," అంది నెస్తాన్. "మీరు డబ్బు పంపేశారు. మొదటిసారి మాట్లాడేవాళ్ళ దగ్గర ఇరవై నిమిషాలకి నేనేమీ తీసుకోను. నిన్న రాశాను కదా, చూడలేదా?"

సైరాగుల్‌కి నమ్మబుద్ధి కాలేదు.  "డబ్బు లేకుండా ఎవరు వింటారు?"

"ఇరవై నిమిషాలు నేను వింటాను. ఆ తర్వాత మీకు కుదురుతుందో లేదో మీరు చూసుకుని, అప్పుడు కడితే చాలు. మొత్తం కట్టలేనివాళ్ళు ముందే చెప్తే సగమే. అందరికీ ఒకటే మాట."

జిపార్ కూడా ఆ గురువారాలకి ముందు ఒకసారి ఊరికే మాట్లాడే ఉంటుంది, తనకే ఎవరూ చెప్పలేదు. ఊరికే వచ్చేదాన్ని దొంగిలించింది తను. సైరాగుల్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఈ వంతు నాది కాదు," అంది ఉన్నపళంగా. "జిపార్ నా తోడికోడలు. డబ్బు ఆమెది. అంటే మా అత్తగారు ఆమెకని ఇచ్చింది. నేను పట్టుకొచ్చి నా పేరు రాశాను. పెట్టె మింగేసిందని ఇంట్లో అబద్ధం చెప్పాను."

నెస్తాన్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. అరుస్తుందనుకుంది సైరాగుల్. అరవలేదు.

"జిపార్ గారి గురించి నేను మీతో ఏమీ మాట్లాడను. మీ గురించి ఆమెతోనూ మాట్లాడను. ఒకే ఇంట్లో ఇద్దరి కష్టం ఒకరే వినడం మంచిది కాదు. మీకు కావాలంటే నాతో పనిచేసే ఇంకో ఆమె నంబరిస్తాను. ఆ వెయ్యి జిపార్ గారి పేరు మీద మార్చుకుంటాను. రేపు పొద్దున తొమ్మిదికి ఆమెని రమ్మనండి. సరేనా?"

"సరే. అయితే ఇక పెట్టెయ్యనా?"

"ఎందుకూ? ఇంకా పదమూడు నిమిషాలున్నాయి. మీరేదో చెప్పాలనే కదా ఇంత పని చేశారు."

సైరాగుల్ ఒళ్ళో చేతులు చూసుకుంది. గోళ్ళ సందుల్లో గింజల దుమ్ము. "ఆమెని ఎవరి పోలిక అని అడిగారట," అంది. "నన్నెవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నాను. ఎవరి పోలిక?"

అంతే. అప్పుడు మొదలుపెట్టింది. కుడిచెవి పైకొస కొంచెం మడత పడి ఉండేదని చెప్పింది. అలాంటి చెవి వాళ్ళ అమ్మ తరఫు వాళ్ళకే ఉందని చెప్పింది. గుక్కపట్టి ఏడ్చేవాడు కాదు, పిల్లికూనలా సన్నగా అనేవాడు. గుండెలో ఏదో లోపం అన్నారు, మూడో రోజు తెల్లారేసరికి లేడు.

సరిగ్గా అప్పుడే బయట అడుగుల చప్పుడు. "సైరా! ఏమే సైరా! అబద్ధాలకోరుదానా!" అని కాలిచా గొంతు వాకిట్లో ఉరిమింది. తలుపు ఒకసారి గట్టిగా కదిలింది. గడియ ఉండటంతో ఆగింది. అడుగులు కిటికీ వైపు వచ్చాయి. గాజు అవతల తెల్ల తలగుడ్డ కనబడింది, చెయ్యి పైకెత్తి ఉంది, గాజు మీద కొట్టడానికి.

సైరాగుల్ ఆ తలగుడ్డని చూసింది. నోరు మూసుకునే అలవాటు పదేళ్ళది. ఈసారి మూసుకోలేదు. కావాలనే గొంతు పెంచింది.

"ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మామగారి అరవయ్యేళ్ళ విందు. వాకిలంతా జనం. ముఖం కడుక్కుని టీ పొయ్యవే, చుట్టాలు చూస్తున్నారు అంది మా అత్తమ్మ. పోశాను. పాలొచ్చి బట్టలు తడిసిపోతే పైన ఇంకో గుడ్డ కట్టుకుని పోశాను. సాయంత్రం దాకా పోస్తూనే ఉన్నాను. జిపార్‌కి మీగడ తీసుకొస్తారు. తీసుకురావాలి, తప్పు లేదు. ఆ పిల్ల పసిది. కానీ చూస్తుంటే నాకు కళ్ళలో కారం కొట్టినట్టుంటుంది. నేనూ అప్పుడు ఇరవై మూడేళ్ళ పిల్లనే."

కిటికీ అవతల ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. గాజు మీద దెబ్బ పడలేదు.

"బాబుకి పేరుందా?" అంది నెస్తాన్.

"లేదు. మాలో ఏడో రోజు పెడతారు, పెద్దవాళ్ళు పెడతారు. వాడు ఏడో రోజు దాకా ఆగలేదు." సైరాగుల్ మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. "నేను మాత్రం బైసల్ అని పిలిచేదాన్ని. ఆ మూడు రోజులూ. ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు."

నెస్తాన్ ఆ పేరు ఒకసారి పలికింది.  ఇరవై నిమిషాలు దాటిపోయాయి, ఆమె గుర్తు చెయ్యలేదు. చివర్లో ఇంకొకామె నంబరు పంపింది. దాని కింద రాసినదంతా సైరాగుల్ ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదువుకుంది.

గడియ తీసి బయటికొచ్చింది. గడప మీద జిపార్ కూర్చుని ఉంది, కళ్ళు వాచి. ఎప్పుడొచ్చిందో ఏమో.

"రేపు పొద్దున తొమ్మిదింటికి నీకు," అంది సైరాగుల్. ఆమె పక్కనే కూర్చుంది. "డబ్బు నీ పేరు మీదే ఉంది. ముప్పై మాత్రం పెట్టె తిన్నదే."

"నన్నడిగితే ఇచ్చేదాన్ని కదక్కా," అంది జిపార్.

ఆ ఒక్క మాటకి సైరాగుల్ తల వాలిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. జిపార్ తిట్టలేదు. పక్కకి జరిగి, గడప మీద ఇంకొంచెం చోటు ఇచ్చింది.

కాలిచా కిటికీ దగ్గర్నుంచి కదిలి వచ్చింది. నల్లకోటు బొత్తాలు ఇంకా పెట్టుకునే ఉన్నాయి. ఊళ్ళో అందరి చావులకీ గుక్క తిప్పుకోకుండా పాడే మనిషి, ఏం మాట్లాడాలో తెలియక పెదాలు కదుపుతోంది.

"సల్కిన్ అంతా చెప్పింది," అంది మొదట, కటువుగా. "నలుగుర్లో నా పరువు తీశావు."

సైరాగుల్ గోళ్ళ సందుల్లో దుమ్ము గీక్కుంది.

"ఏం పేరన్నావు?"

"బైసల్."

ముసలామె ఆ పేరుని మనసులో అటూ ఇటూ వేసి చూసుకున్నట్టు కళ్ళు చికిలించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నేను ఎల్దియార్ అని పెడదామనుకున్నాను," అంది.

సైరాగుల్ చివాల్న తలెత్తి చూసింది. ముందు కుళ్ళే పుట్టింది ఆమెకి. తన కొడుక్కి తనకి తెలియని పేరొకటి పదేళ్ళుగా ఈమె దగ్గరుందా! నాకు చెప్పకుండా దాచుకుందా! ఆ కుళ్ళు గొంతు దాకా వచ్చి, అక్కడ ఇంకేదో అయిపోయింది. వాడి గురించి ఆలోచించిన మనిషి ఈ భూమ్మీద తనొక్కతే కాదన్నమాట.

"ఎల్దియార్ బాగుంది," అంది, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

"బాగుండక?" అంది కాలిచా. "మూడు రాత్రులు నిద్ర మానుకుని వెతికాను."